కదలని కాళ్ల ముందు కచేరీ

మా అక్క మొగుడు హీరాలాల్ విద్వాంసుడైపోయాడు. ఎవరూ చేయలేదు, తనంతట తనే అయిపోయాడు. నిన్నమొన్నటి దాకా మా బ్యాండులో ఎర్రకోటు తొడుక్కుని పెళ్లికొడుకు ముందు క్లారినెట్ ఊదుతూ నడిచిన మనిషి, ఇప్పుడు సినిమా పాట వినపడితే మూతి ముడుస్తున్నాడు. ఇన్నేళ్లు తిండి పెట్టింది ఆ పాటలేనని ఎవరైనా గుర్తు చేస్తే, విననట్టు అటు తిరుగుతాడు.

ఖానాపురం హవేలిలో కిరాయి గదిలో నడిచే ఆ బ్యాండు నాది. ట్రంపెట్ ఊదేది నేను. కానీ పేరు తెచ్చింది బావ క్లారినెట్. అది లేకపోతే మాది ఉత్త మోత. అలాంటివాడు భద్రాచలంలో రిటైరైన ఒక సంగీతం మాస్టారు దగ్గర చేరాడు. ఏన్కూరు దగ్గరి తండా నుంచి వారంవారం బస్సెక్కి పోవడం, వచ్చి సరళీ స్వరాలు ఊదడం. తల నెరిసినవాడు ఒకటో తరగతి పిల్లాడిలా సరిగమలు దిద్దుకుంటుంటే, మా అక్క గేదెకు మేత వేస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒకరోజు ఎర్రకోటు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇగ లగ్గాలకు రాను వీరన్నా."

"మరి దేనికొస్తవ్ బావా, సావులకా?"

"కచేరి చేస్త. ఒక్కసారన్న నడవకుండ కూసోని ఊదాలె. రాగం షురూ చేసి, నా చేతులతోని నేనే ముగించాలె."

నాకు ఒళ్లు మండింది. పెళ్లిళ్ల కాలం నెత్తిమీదికొచ్చింది. ఫోన్ చేసిన ప్రతివాడూ ముందు క్లారినెట్ ఆయన గురించే అడుగుతున్నాడు. రాడంటే పెట్టేస్తున్నాడు. ఆ కచేరీ ఏదో తగలబడిపోయి, ఈయన సిగ్గుపడి మళ్లీ బ్యాండులోకి రావాలని రోజూ మొక్కుకున్నాను. దాచేదేముంది.

ఖమ్మంలో ఒక సంగీత సభవాళ్లు అవకాశమిచ్చారు. దాని సెక్రటరీ వెంకటరామారావుకు మధిర వైపు పొలాలు, ఊళ్లో రైసుమిల్లు ఉన్నాయి. సంగీతమంటే ప్రాణమని తన గురించి తనే చెప్పుకుంటాడు. తమాషా చూద్దామని నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

పట్టు జుబ్బా, కండువా, నుదుట గంధం. పెళ్లిచూపులకు తయారైనట్టున్నాడు బావ. తోడి రాగం ఎత్తుకున్నాడు. వెక్కిరిద్దామని వచ్చినవాణ్ణి, నోరు మూసుకుని విన్నాను. బాగుంది. అది నాకు ఇంకా మంటగా అనిపించింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బరాత్‌లో, అంటే పెళ్లి ఊరేగింపులో, క్లారినెట్ ఊదేవాడు ముందు ఎగిరే జనం ముఖాలు చూడకూడదు, కాళ్లు చూడాలి. తాగినవాడి ముఖం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, కాళ్లే నిజం చెబుతాయి. కాళ్లు ఆగాయంటే పాట చచ్చినట్టు, వెంటనే ఇంకోటి అందుకోవాలి. బావ చూపు ముందు వరస కాళ్ల మీద పడింది. పెద్దమనుషులు కాలు మీద కాలు వేసుకుని రాళ్లలా కూర్చున్నారు. వినేవాళ్లు అలాగే కూర్చుంటారని మాస్టారు చెప్పే ఉంటాడు. చెప్తే మాత్రం ఏం లాభం. బావకు చెమటలు పట్టాయి. ఊపిరి తడబడింది. తోడి సగంలో ఉండగానే వేళ్లు ఉరికి బరాత్ పాటలో పడ్డాయి.

హాలు గొల్లుమంది. ఎవడో ఈల వేశాడు. ముందు వరస కాళ్లు కదిలాయి. అవి కదలడం చూశాకే ఏం చేశాడో బావకు అర్థమైంది. క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు.

వెంకటరామారావు మైకు అందుకున్నాడు. "చూశారాండీ, రక్తంలో ఉన్నది ఎక్కడికి పోద్ది?" అని నవ్వించి, బావకు శాలువా కప్పాడు. అంత నీచంగా శాలువా కప్పడం నేనెక్కడా చూడలేదు. తర్వాత నేను బావను దింపుకుని వస్తుంటే స్టేజీ మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"బ్యాండు మీదేనంటగా. మా అబ్బాయి అనిల్‌కుమార్ పెళ్లి పెట్టుకున్నాం. ఈయన్నే ముందు నడిపించాలి. చివర్లో ఊదాడే, అదీ మాక్కావాల్సింది. ఆ ముందు ఏడుపంతా ఎందుకు?"

నేను మొక్కుకున్నది ఇదే.

"అవ్ సారూ, వస్త," అన్నాడు బావ, నేల చూస్తూ. ఎర్రకోటు నా చేతిలో పెట్టిన రోజటి గొంతు కాదది.

"మాకు ఖాళీ లేదు సారూ," అన్నాను.

"తేదీ ఇంకా చెప్పలేదు కదయ్యా."

"ఏ తేదీ చెప్పినా లేదు."

వచ్చిన బేరం పోగొట్టానని బస్టాండు దాకా బావ నన్ను తిడుతూనే ఉన్నాడు. నేను తిట్టనిచ్చాను.