తాళంచెవి ఎవరి దగ్గర

సమ్మక్క ఫిబ్రవరిలో ఆ గదిలోకి వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రిటైరైన నర్సు రత్నమణి గారి ఇంటి కింది వాటా. ఒక గది, పక్కన ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటగది. సమ్మక్కకు యాభై రెండేళ్లు. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్లు నగరం బయట, బస్సులో గంటన్నర దూరాన ఉన్న ఆడవాళ్ల ఆశ్రమంలో గడిపింది.

జనగామ దగ్గరి పల్లె ఆమెది. భర్తతో కూలికి వచ్చి చాదర్‌ఘాట్‌లో ఉండేది. నలభై ఏళ్లు రాకముందే మనసు చెదిరింది. ఎవరో పిలుస్తున్నట్టు వినబడేది, ఆ పిలుపు వెంట వెళ్లిపోయేది. మూడోసారి తప్పిపోయినప్పుడు పోలీసులకు రైల్వే ప్లాట్‌ఫాం మీద దొరికింది. దవాఖానలో మందులతో నెమ్మదించింది గానీ తీసుకుపోవడానికి భర్త రాలేదు. అక్కడి నుంచి ఆశ్రమానికి పంపారు. జబ్బు అదుపులోకి వచ్చాక కూడా వెళ్లడానికి చోటు లేక అక్కడే ఉండిపోయింది.

ఇలాంటి వాళ్లకు కిరాయి ఇల్లు వెతికిపెట్టి, సొంతంగా నిలబడేదాకా తోడుండే చిన్న సంస్థలో జిప్పోరా పనిచేస్తుంది. మెదక్ అమ్మాయి, ఇరవై ఏడేళ్లు. మంగళవారం, శుక్రవారం వచ్చి సమ్మక్కను చూసి వెళ్తుంది. గ్యాస్ పొయ్యి వెలిగించడం, ఆధార్‌లో చిరునామా మార్పించడం, నెలకోసారి కోఠి వెళ్లి మందులు తెచ్చుకోవడం, అన్నీ ఇద్దరూ కలిసి చేశారు. గన్‌ఫౌండ్రీలో ఒక మెస్సులో కూరగాయలు తరిగే పని కూడా దొరికింది.

మొదట్లో సమ్మక్క ప్రతిదానికీ పైకి వెళ్లి రత్నమణి గారిని అడిగేది. "అమ్మా, జర బయటికి పోవచ్చునా?" "అమ్మా, లైటు బంద్ చెయ్యాల్నా?"

"నన్ను అడగడమెందుకు తల్లీ? నీ గది, నీ ఇష్టం," అనేవారు ఆవిడ.

జిప్పోరా కూడా అదే మాట వారం వారం చెప్పింది. మే వచ్చేసరికి అడగడం తగ్గింది.

జూన్‌లో ఒక శుక్రవారం జిప్పోరా పదకొండు గంటలకు వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. ఫోన్ చేస్తే లోపల మోగుతోంది. మెస్సుకు ఫోన్ చేసింది. సమ్మక్క నిన్ననే సెలవు అడిగిందన్నారు, ఎందుకో చెప్పలేదట.

రత్నమణి గారు మెట్లు దిగి వచ్చారు. "పొద్దున ఎనిమిదింటికి వెళ్లిందమ్మా. నేను ప్రార్థనలో ఉన్నా, అడగలేదు. నీ దగ్గర రెండో తాళంచెవి ఉంది కదా, తీసి చూడు. మందులు వేసుకుందో లేదో."

జిప్పోరా తలుపు తీసింది. గది శుభ్రంగా ఉంది. గోళీల డబ్బా మూత తెరిస్తే పొద్దుటి గోళీ లేదు. కొంచెం ఊపిరి పీల్చుకుంది. గంజు మూత తీసి అన్నం ఉందా అని చూసింది. ట్రంకు పెట్టె తెరిచి బట్టలున్నాయా అని చూసింది. అయినా మనసు ఆగలేదు. స్టేషన్‌కు వెళ్లి ప్లాట్‌ఫాంలన్నీ తిరిగింది. ఆటో ఎక్కి కోఠి దవాఖానలో చూసింది. తిరిగి ఆబిడ్స్ దాకా నడుస్తూ, సమ్మక్క కట్టుకునేలాంటి ఎర్రంచు చీర కనబడినప్పుడల్లా తొంగి చూసింది. ఆఫీసుకు చెబుదామా, పోలీసులకు చెబుదామా అనుకుంటుండగా, మూడు గంటలకు రత్నమణి గారు ఫోన్ చేశారు. "వచ్చేసింది. కానీ కోపంగా ఉంది."

జిప్పోరా పరుగులాంటి నడకతో వెళ్లింది. సమ్మక్క గడప మీద కూర్చుని ఉంది.

"నా తాళం ఎవరు తీసిన్రు?"

"నేనే అక్కా. భయమైంది."

"ఎందుకు భయం?"

"ఫోన్ ఎత్తలే. ఎవరికీ చెప్పకుండ పోయినవ్."

"మొన్న నువ్వు మెదక్‌కు మీ అమ్మ కాడికి పోయినవ్. నాకు చెప్పి పోయినవా?"

జిప్పోరా గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"గోళీల డబ్బా తీసిన్రు. గంజు మూత తీసిన్రు. పెట్టెల బట్టలు కిందిమీద చేసిన్రు. ఆశ్రమంల గిట్లనే చేస్తుండిరి, వారానికోసారి అందరి పెట్టెలు తెరిచి. గిది నీ ఇల్లు అన్నవ్ గదా బిడ్డా? ఏంది మరి గిది?"

సమ్మక్క గొంతు పెంచలేదు. అది జిప్పోరాకు మరీ కష్టంగా తోచింది. తిరిగి తిరిగి వచ్చిన అలసట, దొరికిందన్న ఊరట, సిగ్గు అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆమె కూడా గడప మీద కూర్చుంది.

"తప్పైంది అక్కా."

రత్నమణి గారు ముగ్గురికీ టీ తెచ్చారు. "తీయమన్నది నేనే సమ్మక్కా. నన్ను కూడా తిట్టు," అన్నారు. సమ్మక్క తిట్టలేదు. టీ సగం తాగాక తనే చెప్పింది.

"విజయ కాడికి పోయిన. బస్సు నంబరు అడుక్కుంట పోయిన. ఒక్కదాన్నే."

విజయ ఆశ్రమంలో పన్నెండేళ్లూ సమ్మక్క పక్క చాప మీద పడుకున్న మనిషి. ఆదివారం ఇంటికి పిలిచి కోడికూర వండిపెడదామని వెళ్లిందట. సొంతవాళ్లు వచ్చి సంతకం పెడితేనే పంపుతామన్నారట ఆశ్రమం వాళ్లు.

"దానికి సొంతోళ్లు ఎవరున్నరు? నేనున్న అన్న. నువ్వేమైతవ్ అన్నరు." సమ్మక్క గ్లాసు కింద పెట్టింది. "ఏమైతనో నాకు చెప్పరాలే."

మంగళవారం దాకా జిప్పోరా ఆఫీసులో వాదించింది. రెండో తాళంచెవి సంస్థ దగ్గర ఉండాలన్నది వాళ్ల నియమం. ఏదైనా అయితే ఎలా అని అడిగారు. "ఏదైనా అయితే ఏం చేయాలో ఆమెనే అడుగుదాం," అంది జిప్పోరా. చివరికి తాళంచెవి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఆమె చెప్పింది కాగితం మీద రాయించమన్నారు.

సమ్మక్క చెప్పింది, జిప్పోరా రాసింది. రెండో తాళంచెవి రత్నమణి అమ్మ దగ్గర ఉంటుంది. ఒక్కరోజు కనబడకపోతే ఎవరూ ఫికర్ చేయొద్దు. రెండో రోజు తలుపు కొట్టి పిలవాలి, పలకకపోతేనే తీయాలి. తనకు మళ్లీ పిలుపులు వినబడితే తనే పైకి వెళ్లి చెబుతుంది. అప్పుడు దవాఖానకు తీసుకుపోవచ్చు, కానీ నాలుగు రోజులైనా సరే, నెలైనా సరే, గది మాత్రం ఖాళీ చేయించొద్దు.

ఆ చివరి మాట దగ్గర జిప్పోరా కలం ఆగింది. రత్నమణి గారి వైపు చూసింది.

"రాసుకోమ్మా. నేను సంతకం పెడతాను," అన్నారు ఆవిడ.

జిప్పోరా తాళంచెవి తన గుత్తిలోంచి తీసి సమ్మక్క చేతిలో పెట్టింది. సమ్మక్క దాన్ని స్వయంగా రత్నమణి గారికి ఇచ్చింది.

ఆశ్రమానికి సంస్థ తరఫున ఉత్తరాలు పోయాయి. జూలై రెండో ఆదివారం విజయ వచ్చింది, సాయంత్రానికి తిరిగి దింపే షరతు మీద. కోడికూర తిన్నది తక్కువ, మధ్యాహ్నమంతా నిద్రపోయింది. ఇక్కడ బండ్ల చప్పుడుకు భయమైతుందని చెప్పి, తొందరగా దింపిరమ్మంది. సమ్మక్క దింపి వచ్చింది. మళ్లీ పిలిచింది. మూడోసారి వచ్చినప్పుడు విజయ గిన్నెలు కడుగుతూ అడిగింది. "నాకు గూడ దొరుకుతదా గిట్లాంటిది?"

ఇప్పుడు జిప్పోరా విజయ కోసం గదులు చూస్తోంది. సమ్మక్క కూడా వెంట వెళ్తోంది. పోయిన శనివారం పక్క గల్లీలో ఒక గది చూపించిన బిచ్చయ్య అనే ముసలాయన, సమ్మక్కను చూసి జిప్పోరాను అడిగాడు. "గీమె ఎవరు?"

జిప్పోరా నోరు తెరిచేలోపే సమ్మక్క చెప్పింది. "నేను పక్క గల్లీల కిరాయికి ఉంట. ఒక్కదాన్నే. మా దోస్తు కోసం చూస్తున్నం. నల్లా ఎన్ని గంటలకొస్తది?"

"పొద్దుగాల ఆరుకు."

సమ్మక్క లోపలికి వెళ్లి కిటికీ తెరిచి చూసింది, పొయ్యి గట్టు ఎత్తు చేత్తో కొలిచింది. గది బాగుందని జిప్పోరాకు అనిపించింది, మాట ఖాయం చేసుకుందామా అన్నట్టు చూసింది.

"ఔ, మంచిగనే ఉన్నది," అంది సమ్మక్క. "రేపు దాన్ని తోలుకొస్త. అది చూసినంక చెప్తం."