వంగని మెడ

"ఊపిరి ఇడుసుకుంట వంగుండ్రి. ఎంత వస్తే గంతనే. గుంజొద్దు."

రెండో పీరియడు. యాకుత్‌పురాలోని ఆ ప్రైవేటు బడికి మైదానం లేదు; రెండు భవనాల నడుమ సిమెంటు గచ్చు ఉందంతే. ఏడో తరగతి పిల్లలు కాళ్ళు బార చాపి కూర్చుని పాదాల వైపు వంగుతున్నారు. పీఈటీ ఇస్సాకు వరసల మధ్య నడుస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. ఒళ్ళు బక్కచిక్కినా పిక్కలు ఇంకా రాళ్ళలాగే ఉన్నాయి. ట్రాక్‌ప్యాంటు మోకాళ్ళ దగ్గర వెలిసిపోయింది. వీపు వెనక రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

తొమ్మిదేళ్ళుగా బడిలో ఆ చేతుల చోటు అదే. అంతకుముందు ఆయన పిల్లల వీపు మీద అరచేతులు ఆనించి వంచేవాడు. గౌలిపుర నుంచి వచ్చే నందు వేళ్ళు పాదాలకు రెండంగుళాల దూరంలో ఆగిపోతే, ఒకరోజు కాస్త గట్టిగా నొక్కాడు. తొడ వెనక ఏదో తెగిన చప్పుడైంది. నందు మూడు నెలలు నడవలేదు. వాళ్ళ నాన్న గొడవ పడలేదు. రోజూ కొడుకును ఎత్తుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, ఇస్సాకు వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. ఇప్పటికీ ఏ పిల్లవాడి మోకాలు టక్కుమన్నా ఇస్సాకు నడక ఆగిపోతుంది.

ముట్టుకోవడం మానేశాక ఓపిక నేర్చుకున్నాడు. నెలకు వేలెడంత వంగినా చాలుననేవాడు. జూన్‌లో మోకాళ్ళు దాటని ఈ తరగతి పిల్ల ఆఫ్షీన్ వేళ్ళు డిసెంబరుకు చీలమండలను అందుకుంటే, ఇంటికెళ్ళి భార్య రాహేలుకు కూడా చెప్పుకున్నాడు.

ఇవాళ ఎవరెంత వంగుతున్నారో కొలతలు తీసే రోజు. యాజమాన్యానికి పంపాల్సిన పట్టిక పట్టుకుని హెడ్‌మాస్టర్ జగదీశ్వర్ వచ్చి నిలబడ్డాడు. ముందుగా గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు ఇస్సాకు. తలలన్నీ వంగాయి, ఆఫ్షీన్ తల తప్ప.

పొద్దున్నుంచి తలనొప్పిగా ఉందని, అప్పటికే అమ్మ పనికి వెళ్ళిపోయిందని చెప్పింది. వెలుతురుకు కళ్ళు తెరవలేకపోతోంది. కొలతలు తప్పించుకోవడానికి నాటకాలని జగదీశ్వర్ విసుక్కున్నాడు.

"జర మెడ మీద చెయ్యేసి నొక్కు ఇస్సాకూ. గదే వంగుతది."

వీపు వెనక చేతులు విడివడి ముందుకొచ్చాయి. ఆ పిల్ల మెడకు బెత్తెడు దూరంలో ఉండగానే వాటికి జ్వరం సెగ తగిలింది. కంచన్‌బాగ్ నుంచి ఎప్పుడో ఒక నర్సమ్మ వచ్చి టీచర్లకు ప్రథమచికిత్స నేర్పింది. జ్వరంతో ఉన్న పిల్లకు మెడ వంగకపోతే ఒక్క గంట కూడా ఆగొద్దని చెప్పింది.

ఆస్పత్రికి ఎత్తుకెళ్తుంటే దారిలో ఏమన్నా అయితే? మళ్ళీ ఇస్సాకే చెయ్యేశాడంటారు. నందు సంగతి ఈ బడిలో అందరికీ తెలుసు. అయినా వంగి, ఆ పిల్లను ఎత్తుకున్నాడు.

ఆటోలో ఆ పిల్ల కళ్ళు మూసుకునే అంది.

"సార్, నేను నాటకం చేస్తలేను."

"నాకెరుక బిడ్డా."

ఆస్పత్రిలో డాక్టరు ఆమె తల కింద చెయ్యి పెట్టి మెల్లగా లేపబోతే, మోకాళ్ళు వాటంతటవే ముడుచుకుని పైకి లేచాయి. ఇన్నేళ్ళలో ఎన్నో ఒళ్ళు వంగడం చూసిన ఇస్సాకు అలాంటిది ఎన్నడూ చూడలేదు. మెదడువాపు జ్వరమని, మందు ఎక్కిస్తున్నామని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు.

తల్లి కుల్సుమ్ గాజుల కార్ఖానా నుంచి పరుగున వచ్చింది. వేళ్ళకు లక్క అంటుకునే ఉంది. హెడ్‌మాస్టర్ ఫోనులో ఏం చెప్పాడో, రాగానే ఇస్సాకు చేతుల వైపు చూసింది.

"సచ్ బోలో సార్, నిజం చెప్పుండ్రి. మెడ గిట్ల నొక్కిన్రా?"

"నొక్కలేదమ్మా."

ఆ మాట ఆయనకే అబద్ధంలా వినబడింది. నొక్కితే వచ్చే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. ఆమె నమ్మిందో లేదో తెలియలేదు. బడికి తిరిగి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. బెంచీ చివర కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. ఎవరూ ఆయనను పిలవలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళ దాటిన కాసేపటికి లోపల యంత్రం చప్పుడు ఆగింది. ఆఫ్షీన్ పోయింది.

కుల్సుమ్ ఏడవలేదు. భర్త సౌదీలో ఉన్నాడు. వార్డుబాయి స్ట్రెచరు తేబోతే వద్దంది. ఇస్సాకు వైపు తిరిగింది.

"మీరే ఎత్తుకోండి సార్. ఆరామ్‌సే, మెల్లగ."

ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒక చెయ్యి మెడ కింద పెట్టి లేపాడు. తల మెత్తగా ఆయన భుజం మీదికి వాలింది. ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగాడు. కుల్సుమ్ కూతురి పాదం పట్టుకుని పక్కనే దిగింది.

పైన, ఖాళీ మంచం పక్కనున్న ఇనుప బల్ల మీద, నర్సు తీసి పెట్టిన నల్ల క్లిప్పు ఉండిపోయింది. దాని పళ్ళ మధ్య రెండు పొడుగాటి వెంట్రుకలు ఫ్యాను గాలికి కదులుతున్నాయి.