ఇంజను కింది పలక

"దానమిచ్చే వస్తువు కడిగి ఇవ్వాలి" అన్నాడు మా ఆయన. కడిగేది తను కాదు కాబట్టి మాట తేలిగ్గానే వచ్చింది.

ఆదివారం పొద్దున బకెట్టు, గరుకు బ్రష్షు, అడుగు గోకడానికి ఒక పాత గరిటె పట్టుకుని ఒడ్డుకు వెళ్ళాను. నాకు షెడ్డుకు సెలవు ఆ ఒక్కరోజే. మిగతా ఆరు రోజులూ ఐసు నీళ్ళలో చేతులు పెట్టి చేపల పొట్టలు చీల్చి శుభ్రం చేస్తుంటాను. తొమ్మిదేళ్ళకు వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. వేడి గిన్నె దించితే, కాలిందన్న సంగతి వాసన వచ్చాకే తెలుస్తుంది. ఆ మాట అత్తయ్యతో అంటే, "మంచిదేగా, మసిగుడ్డ వెతుక్కునే పని తప్పింది" అంది. నేనూ నవ్వాను. మా ఇంట్లో నా కష్టాలు సగం ఇలా హాస్యంలోనే తేలిపోతాయి. మిగతా సగం నేనే ఎవరికీ చెప్పను.

పడవ ఇచ్చేస్తున్నారని నాకు ఎవరూ చెప్పలేదు. అన్నం వడ్డిస్తుంటే చెవిన పడింది. మా ఆయనకు ఓడరేవు గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికి రెండు నెలలైంది. అప్పటినుంచీ పడవ ఒడ్డునే పడి ఉంది. పక్క తీరంలో తుఫానుకు పడవలు పోగొట్టుకున్నవాళ్ళ కోసం ఒక సేవాసంస్థ పాత పడవలు సేకరిస్తోందట. సంఘం పెద్దలు అడిగారట, ఈయన సరేనన్నాడట. ఎవరో ఒకరి ఇల్లు నిలబడుతుందిలే అని వాళ్ళమ్మతో అన్నాడు. ఆవిడ కళ్ళు ఒత్తుకుని, నీది చిన్నప్పటినుంచీ పెట్టే చెయ్యే నాయనా అంది. నేను ఆ చేతి కింద కంచంలో ఇంకో గరిటెడు కూర వేశాను.

పదిహేడేళ్ళు ఆ పడవకు నేను చేసిన పనికి పేరంటూ ఏదీ లేదు. తెగిన వల అల్లడం, ఇంజనుకు నూనె పొయ్యడం, అడుగున పట్టిన నత్తగుల్లలు గోకడం, ఆయన లేచేలోపు కారియరు కట్టడం. ఒంట్లో బాగాలేదని ఒకరోజు పడుకుంటే, "నీకేం, ఒడ్డున కూర్చునేదానివి" అన్నాడు. తిట్టలేదు. ఎండగా ఉంది అన్నట్టు మామూలుగా అన్నాడు. 

నాలుగేళ్ళ కిందట ఇంజను కింది పలక మెత్తబడింది. నొక్కితే నానిన రొట్టెలా లోపలికి పోయేది. మొదటిసారి చెప్పినప్పుడు, పడవ నడిపేది నువ్వా నేనా అన్నాడు. రెండోసారి, పొయ్యి మీద ఏదో మాడుతోంది చూసుకో అన్నాడు. మూడోసారి టీవీ సౌండు పెంచాడు. ఇక చెప్పడం మానేసి నేనే పని మొదలుపెట్టాను. నెలకోసారి సందుల్లో నార కూరి, తారు కాచి పూసేదాన్ని. మా పడవలోకి చుక్క నీరు రాదని ఆయన టీ కొట్టు దగ్గర గొప్పలు చెప్పుకునేవాడు.

పడవ అందజేసే రోజు ఒడ్డున చిన్న గుడారం వేశారు. కుర్చీలు, ఒక బల్ల, ఒక పూలదండ. సంస్థ తరఫున వచ్చిన ఆవిడ కాగితాల మీద ఒక్కొక్కటే అడిగి రాసుకుంటోంది. పడవ తీసుకునే భార్యాభర్తలు ఆ పక్కన నిలబడి ఉన్నారు. లోపాలేమైనా ఉన్నాయా అని ఆవిడ అడిగితే, "ఏమీ లేవండీ, నా ప్రాణంలా చూసుకున్నాను" అన్నాడు మా ఆయన. ఆవిడ లేవు అని రాసుకుంది. నేను కుర్చీల వెనక మంచినీళ్ళ గ్లాసులు సర్దుతున్నాను. ఏమీ అనిపించలేదు. మనకెందుకులే అని కూడా అనిపించలేదు.

అప్పుడు ఆ తీసుకునే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఇకనుంచీ మా ఆయనతో నేను కూడా వేటకి వెళ్తాను. నాకు ఈత రాదు. మీ పడవలోకి నీళ్ళొస్తాయా?"

గ్లాసు బల్ల మీద పెట్టాను. గుండె దడదడలాడింది. అదొకటి నాలో ఇంకా ఉందని నాకే ఆశ్చర్యం వేసింది.

"దీన్ని నీళ్ళలోకి దించొద్దు" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది మాట. "ఇంజను కింద పలక కుళ్ళిపోయింది."

అందరూ ఇటు తిరిగారు. మా ఆయన నవ్వేసి, మా ఆవిడకేం తెలుసండీ, ఎప్పుడైనా ఎక్కితేగా అన్నాడు. నేను పడవ ఎక్కాను. ఇంజను పక్క చెక్క ఎత్తి, కడిగిన రోజు అక్కడే మర్చిపోయిన గరిటె కాడతో పలకను పొడిచాను. అవతలికి దిగిపోయింది. సంస్థ ఆవిడ వంగి చూసింది, తను రాసింది కొట్టేసింది, పలక మార్పించాకే ఇస్తామని ఆ జంటతో చెప్పింది. దండ ఎలాగూ తెచ్చారు కాబట్టి మా ఆయన మెడలో వేశారు. ఫొటోలో ఆయన నవ్వలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య అందుకుంది. నలుగురిలో మొగుడి పరువు తీశావని, పలక కుళ్ళితే వాళ్ళే చూసుకునేవాళ్ళని.  ఆయన దండ తీసి కుర్చీకి తగిలించి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అంత కుళ్ళిపోతే నేనెలా వెళ్ళొచ్చానే ఇన్నాళ్ళు?"

"నేను తారు పూశాను కాబట్టి. నెలకోసారి."

ఆయన నమ్మలేదో, అవమానం అనిపించిందో, ముఖం చిట్లించాడు. "పూస్తే మరి ఇవాళ గరిటె ఎలా దిగింది?"

అక్కడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఉప్పునీళ్ళు, ఎండ అనొచ్చు. కానీ ఆయన నన్ను ఆ పడవ గురించి ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"పోయిన వానల్లో పూయడం మానేశాను."

"నేనింకా వేటకి వెళ్తున్నప్పుడేనా?"

"అవును. ఐదు నెలలు."

ఒకరోజు తారు డబ్బా ఖాళీ అయింది. మళ్ళీ కొనలేదు. అంతే జరిగింది. కోపం వచ్చిన రోజు కాదు, గొడవైన రోజు కాదు. ఆయన తెల్లవారి వెళ్ళేవాడు, నేను గిన్నెలు తోముకుని షెడ్డుకు వెళ్ళేదాన్ని. సాయంత్రం ఇంజను చప్పుడు వినబడితే బియ్యం కడిగేదాన్ని. అడుగున నీళ్ళు చేరుతున్నాయని, అలలు కొడుతున్నాయేమోనని ఆయన ఒకసారి అన్నాడు. ఊఁ అన్నాను. ఒకరోజు ఆ చప్పుడు వినబడకపోతే నాకేమనిపించేది? చాలాసార్లు లోపలంతా వెతికాను, ఏమీ దొరకలేదు. ముక్కూమొహం తెలియని పిల్ల అడిగేసరికి నోరు పెగిలింది. పదిహేడేళ్ళు పక్కన పడుకున్న మనిషి కోసం డబ్బా తారు కొనలేకపోయాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. 

"నన్ను చంపాలనుకున్నావా?" అన్నాడు చివరికి. అడిగిన తీరులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

"లేదండీ. చంపాలని ఎప్పుడూ అనుకోలేదు. బతికించాలని కూడా అనిపించలేదు. అందుకే ఇందాక దారిలో మా అక్కకి ఫోన్ చేశాను, రేపటినుంచి వాళ్ళింట్లోనే ఉంటాను."