రెండు వైపులా ఉందట

స్రవ్య దగ్గుకు ఆ ఇంట్లో పెట్టిన పేరు పోపు ఘాటు.

నూనెలో ఎండుమిర్చి వేసినప్పుడు దగ్గితే సరే. బట్టలు ఆరేస్తూ దగ్గినా, వాకిలి కడుగుతూ దగ్గినా హాల్లోంచి అత్తగారు విమలాదేవిది ఒకటే మాట. "మిరపకాయలు జర తక్కువెయ్యమంటే ఇనవు. గది పోపు ఘాటే."

ఈ దగ్గునూ జ్వరాన్నీ ఇంటికి తెచ్చింది స్రవ్య భర్త వైకుంఠం. బేగంబజార్‌లో అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఒంటి వేడి తొంభై తొమ్మిది దాటలేదు గానీ, మనిషి మాత్రం మంచం దిగలేదు. దుకాణం తాళాలు ఎవరికి అప్పగించాలో నీరసంగా చెప్పి కళ్ళు మూసుకున్నాడు. అల్లం కషాయం, మిరియాల చారు, ఆవిరి పట్టడానికి మరిగిన నీళ్ళు, అన్నీ మంచం దగ్గరికే నడిచాయి. తర్వాత విమలాదేవి మంచాన పడింది. ఆమెకూ అన్నీ నడిచాయి. ఆఖరి వంతు స్రవ్యది. ఆ వంతు వచ్చేసరికి ఇంట్లో జ్వరం అనే మాటే అయిపోయినట్టుంది. మిగిలింది ఘాటు.

"నాకూ ఒళ్ళు కాలుతుంది" అంది ఒకరోజు.

"వైరల్ గదనే. అందరికొస్తది, పోతది" అన్నాడు వైకుంఠం, రెండో గ్లాసు కషాయం అందుకుంటూ.

ఒకనాటి మధ్యాహ్నం తడి బట్టల బకెట్టుతో డాబా ఎక్కిన స్రవ్య ఊపిరందక దండెం కిందే కూలబడింది. ఆ సాయంత్రం కూరగాయలకని చెప్పి, చేతిసంచీతో, తాముండే హుస్సేనీ ఆలంలోనే ఉన్న డాక్టర్ నుస్రత్ ఆస్పత్రికి వెళ్ళింది.

డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, వేలికి క్లిప్పు తగిలించి చూసి, స్కానింగ్ గదిలోకి రమ్మంది. గది బయట బెంచీ నిండా నిండు చూలాళ్ళు. గోడ మీద, పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పం, అడగడం కూడా నేరం అని పెద్ద బోర్డు.

"మేడం, నాకు కడుపు గాదు, దగ్గు" అంది స్రవ్య గుమ్మంలోనే ఆగి.

"దగ్గుకే చేస్త, రండి. ఎక్స్‌రే అయితే మాటిమాటికీ తీయలేం. దీంతో ఆ ఫికర్ లేదు. రెండ్రోజులకోసారి పెట్టి చూసినా ఏం గాదు. పెరుగుతుందా తగ్గుతుందా కండ్లముందట తెలుస్తది. వీపు ఇటు తిప్పండి."

వీపు మీద చల్లటి జిగురు పడింది. తెర వెలిగింది. పైభాగంలో అడ్డగీతలు, ఒకదాని కింద ఒకటి, డాబా మీద కట్టిన దండేల్లా సాఫీగా ఉన్నాయి. డాక్టరు చెయ్యి కిందికి జారేకొద్దీ ఆ తీగల వరస చెదిరిపోయి, పై తీగ నుంచి తెల్లటి ధారలు నిలువునా కారసాగాయి.

"చీరలు పిండకుండనే ఆరేసినట్టుంది" అంది స్రవ్య.

డాక్టరు చెయ్యి ఆపి ఆమె వైపు చూసింది. "అచ్చం గట్లనే అనుకోండి. వైరస్ వల్ల ఊపిరితిత్తులకు తడి పట్టింది. రెండు వైపులా ఉంది. ఆక్సిజన్ ఇప్పటికైతే పర్వాలేదు. ఈ ధారలు పెరిగితే మాత్రం అడ్మిట్ చెయ్యాల్సొస్తది. మందులు రాస్త. పని బంద్ పెట్టి రెస్ట్ తీసుకోండి. వీలైనంతసేపు బోర్లా పడుకోండి, వీపు దిక్కు గాలి ఆడుతది."

బీఎస్సీలో జువాలజీ రికార్డు కోసం ఊపిరితిత్తుల బొమ్మకు గులాబీ రంగు వేసి, మేడం చేత గుడ్ అనిపించుకున్న రోజు స్రవ్యకు గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఆమె వండింది చూశారు, ఉతికింది చూశారు, ఊడ్చిన చోట మిగిలిన దుమ్మును వేలితో తీసి మరీ చూశారు. లోపల ఎలా ఉందో దీపం వేసి చూసిన మొదటి మనిషి ఈ డాక్టరమ్మే. భయపడాల్సిన చోట ఆమెకు కాస్త గర్వంగా అనిపించింది. చూశారా, పోపు కాదు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే చెప్పేసింది. "స్కానింగ్ చేసిన్రు అత్తమ్మా. రెస్ట్ తీసుకోవాల్నంట. మళ్ళ రమ్మన్నరు."

విమలాదేవి జీవితంలో ఈ మూడు మాటలూ కలిసొచ్చే సందర్భం ఒక్కటే. పైగా గడపలో మాల కడుతున్న పూల కాశమ్మ అప్పటికే సాక్ష్యం చెప్పి ఉంది. "కడుపుతోని ఉన్నోళ్ళ రూములకెల్లి బయటికొచ్చింది. నా కండ్లతోని చూసిన."

"బిడ్డా!" అంది విమలాదేవి.

హాస్టల్‌ నుంచి కూతురు సాహిత్య వచ్చిందేమోనని స్రవ్య వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ పిలుపు తనకే.

"గది కాదత్తమ్మా, ఊపిరి..." అనబోతే దగ్గు తెర కమ్మింది.

"మాట్లాడకు, కూసో. గీ టైంల ఊపిరాడదు, నాకెరుకనే. లోపల ఎట్లుందన్నది డాక్టరమ్మ?"

స్రవ్య అబద్ధమాడే మనిషి కాదు. "తెల్లగ మెరుస్తుంది."

"మీ మామ పోలిక!"

"రెండు వైపులా ఉందట."

కాశమ్మ చేతిలోంచి మాల జారింది. "అమ్మో, కవలలు!"

రేపు నిదానంగా చెబుదామనుకుంది స్రవ్య. కానీ ఆ రాత్రి వైకుంఠం దానిమ్మ గింజలు ఒలిచి స్టీలు గిన్నెలో తెచ్చాడు, "గీ వయసుల ఏందే" అని సిగ్గుపడుతూ. తెల్లారి అత్తగారు చాయ్ పెట్టింది. ఎన్నేళ్ళకో వేడివేడి చాయ్, చివరి గుక్క దాకా కూర్చుని తాగింది స్రవ్య. మందుచీటీ విప్పి చూసినవాళ్ళు లేరు. "లంగ్స్‌కు" అని రెండుసార్లు అంది. "అవునవును, బలానికి" అన్నారు. ఊపిరితిత్తులకు అడిగితే పుట్టని రెస్టు గర్భసంచికి అడక్కుండానే పుట్టింది. రెండిటికీ మధ్య దూరం జానెడు. ఇన్నేళ్ళూ తాను ఆ జానెడులో ఎక్కడ ఇరుక్కుపోయి ఉందో అనుకుంటూ, ఇంకో నాలుగు గింజలు నోట్లో వేసుకుంది.

చిక్కు పడక దగ్గర వచ్చింది. డాక్టరు చెప్పినట్టు బోర్లా తిరిగిందో లేదో విమలాదేవి కేక పెట్టింది. "ఓ బిడ్డో! బోర్ల పంటవా! లోపలోళ్ళు నలగరా?" ఇక పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. రాత్రిళ్ళు ఆ పని వైకుంఠానిది. ఆమె బోర్లా తిరగగానే దోసెను తిరగేసినట్టు మళ్ళీ వెల్లకిలా వేసేవాడు.

ఆదివారం పొద్దున స్కానింగ్‌కు అత్తగారూ బయల్దేరింది, బాదాం బర్ఫీ డబ్బాతో. బయట బెంచీ మీద చూలాళ్ళ మధ్య కూర్చుంది. లోపల తెర మీద ధారలు అలాగే ఉన్నాయి. కుడివైపు నాలుగు ఎక్కువే కనబడ్డాయి.

"రెస్ట్ తీసుకుంటలేరా?" అంది డాక్టరు.

"మస్తు తీసుకుంటున్న."

"బోర్లా పడుకుంటున్నరా?"

"పడుకోనిస్తలేరు."

"ఎవరు?"

"కవలలు."

సంగతంతా విని డాక్టరు స్టూలు మీద కూలబడి నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, గొంతు మార్చింది. "ఇంకో రెండ్రోజులు చూస్త. ఇట్లనే ఉంటే అడ్మిషన్ రాస్త."

స్రవ్య తెర వైపు చూసింది. ఆ కారుతున్నది తన ఊపిరి. వచ్చిన దానిమ్మలు లేనివాళ్ళకోసం. తన ఊపిరికీ ఆ లేనివాళ్ళకీ ఒకే పడక చాలదు. లేచి తలుపు తీసింది.

"అత్తమ్మా, మీరే వచ్చి చూడండి."

విమలాదేవి తెరకు చేతులు జోడించింది. డాక్టరు చెవి దగ్గరికి వంగింది. "బోర్డు సద్విన డాక్టర్ సాబ్. ఆడో మగో చెప్పకున్రి. ఇంటికి పోంగ లడ్డూలు కొనాల్నా, జిలేబీలు కొనాల్నా? గంతే చెప్పున్రి."

"కవలలే అమ్మా" అంది డాక్టరు. "ఇది కుడి ఊపిరితిత్తి, ఇది ఎడమది. మీ కోడలు పుట్టినప్పటిసంది లోపలనే ఉన్నయ్. ఇప్పుడు రెండిటికీ బాగలేదు."

విమలాదేవి తెరను చూసింది, కోడలిని చూసింది, డబ్బాను చూసింది. డబ్బాను సంచీలోకి తోసేసింది.

"ఊపిరితిత్తులా? గింతేనా!"

ఆటో ఇంటి మలుపు తిరిగేటప్పుడు విమలాదేవి నిట్టూర్చింది. "అయితే గా దానిమ్మకాయలన్నీ ఊపిరితిత్తులకే తిన్నవన్నట్టు."

ఇంట్లో వైకుంఠం ఎదురొచ్చాడు. తల్లి రెండు ముక్కల్లో విషయం చెప్పి హాల్లోని తఖ్తు బల్ల మీద కూలబడింది. "పప్పు ఉడికింది. ఇగ పోయి పోపెయ్యి స్రవ్యా, వాడికి ఆకలైతుంది."

స్రవ్య చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి తిరగకుండా ముందుకు వెళ్ళిపోయింది. పడగ్గదిలో దిండు సర్దుకుని బోర్లా పడుకుంది. కిటికీ గాలి వీపంతా పాకింది.

"నేను బోర్ల పండుకున్న అత్తమ్మా" అంది, హాల్లోకి వినపడేలా. "ఇప్పుడు నలిగేటోళ్ళు ఎవరూ లేరు."

కాసేపటికి వంటింట్లో గిన్నెలు కదిలాయి. "ఆవాలేడున్నయే?" అని వైకుంఠం గొంతు. "పోపుల పెట్టెల" అంది, కళ్ళు తెరవకుండానే. నూనె మరీ కాగినట్టుంది. మిరపకాయలు మాడిన పొగ పడగ్గది దాకా వచ్చింది. వెంటనే వైకుంఠం దగ్గు, ఆగకుండా, తెరలు తెరలుగా.

"అయ్యో కొడుకా! జ్వరం మళ్ళ తిరగబెట్టింది!" విమలాదేవి గుండెలు బాదుకుంది. "స్రవ్యా, లేచి జర చూడు! ఎట్ల దగ్గుతుండో!"

స్రవ్య దిండులోంచి తల ఎత్తలేదు. నిండుగా ఒక ఊపిరి పీల్చింది.

"ఏం గాదత్తమ్మా. గది పోపు ఘాటే."