భోజనాల దగ్గర పెట్టిన పరీక్ష

ఆదివారం మధ్యాహ్నం టీమ్ లీడర్ తన బృందాన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. వడ్డన సాగుతుండగా, కొత్తగా వచ్చిన ఒక డేటాబేస్ మాట ఎత్తాడు. "అది మన పనికి సరిపోతుందంటారా?"

అందరూ గడగడ అని పిలిచే సీనియర్ ఇంజనీరు వెంటనే అందుకున్నాడు. కూర చల్లారింది గానీ ఉపన్యాసం చల్లారలేదు. నోరున్నవాడిదే రాజ్యం కదా, లీడర్ మురిసిపోయాడు. తర్వాత ఆరు నెలల క్రితం చేరిన అమ్మాయి వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

"తెలీదు సార్. నేను వాడి చూడలేదు," అందామె.

అంతే. ఆ ఒక్క ముక్కతో ఆమె తెలివి ఎంతో ఆయన తేల్చేశాడు.

అందరూ వెళ్ళాక గిన్నెలు తుడుస్తూ భార్యతో అన్నాడు: "ఆ అమ్మాయిలో సరుకు లేదోయ్. ఆమె ట్రయల్ గడువు రేపటితో అయిపోతుంది. ఉద్యోగం ఖాయం చెయ్యక్కర్లేదని రాసేస్తాను."

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "అన్నం తింటుంటే తెలిసిపోయిందా? మా వార్డులో సూది నొప్పి లేకుండా ఎవరు వేస్తారో, టీ దగ్గర మా కబుర్లు విని చెప్పండి చూద్దాం!"

"మీది చేతి పని. మాది బుర్ర పని," అని కొట్టిపారేశాడు.

సోమవారం ఆఫీసులో ఫారం తెరిచి, 'పరిజ్ఞానం చాలదు' అని రాశాడు. తర్వాతి గడిలో ఆమె పని నుంచి ఒక ఉదాహరణ ఇవ్వమని ఉంది. వేళ్లు ఆగిపోయాయి. ఎంత ఆలోచించినా నిన్నటి భోజనం తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. ఇక తప్పక ఆమె రాసిన కోడు తెరిచాడు.

వాళ్లు చేసేది రోగులకు మందుల వేళ గుర్తుచేసే యాప్. ఫోన్‌లో గడియారం మారిస్తే, ఒకే మాత్రను అది రెండుసార్లు వేసుకోమంటోందని ఆమె కనిపెట్టింది. సరిచేసి, నలభై రకాలుగా పరీక్షించింది. 'ఇంకా నేను చూడనివి' అంటూ కింద మూడు సంగతులు దాచకుండా రాసింది. ఆ తప్పున్న పాత కోడును అంతకుముందు సరిచూడాల్సిన గడగడ మాత్రం చదవకుండానే 'సూపర్!' అని రాసి వదిలేశాడు. దాని కిందే, అలాగే చదవకుండా ఇచ్చిన లీడర్ ఆమోదం కూడా ఉంది. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆమెను పిలిచి జరిగిందంతా చెప్పాడు. "ఇంకాస్త ఉంటే నీ ఉద్యోగం తీసేసేవాణ్ణి. క్షమించమ్మా. ఖాయం చేస్తున్నాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్నటిది పరీక్షని నాకు తెలీదు సార్. తెలిసుంటే, తెలీకపోయినా తెలుసనే చెప్పేదాన్ని. ఉద్యోగం కావాలి కదా."

ఆయన ఫారంలో 'పరిజ్ఞానం చాలదు' అన్నది చెరిపేసి, ఉదాహరణ గడిలో ఆమె దాచకుండా రాసిన ఆ మూడు సంగతులూ ఎక్కించాడు.

పెద్దలారా, ఒకరి పనితనం తెలుసుకోవాలంటే వాళ్ల పని తెరిచి చూడండి. కబుర్లు విని తీర్పు చెబుతూ పోతే, తెలియనిది తెలియదని చెప్పే మనిషి మన మధ్య ఒక్కరూ మిగలరు.