ఆవిడ నడక ఎవరు చూశారు?

అత్యవసర విభాగంలో నర్సులు ఆ కుర్ర డాక్టరమ్మకు చాటుగా పెట్టుకున్న పేరు పడకల డాక్టరమ్మ. గుమ్మం తొక్కిన వాళ్ళందరికీ వార్డులో పడక రాసేస్తుందని. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా చెయ్యి ఊరుకునేది కాదు. ఇంటికి పంపాక ఏమైనా జరిగితే తన మెడకు చుట్టుకుంటుంది. వార్డుకు పంపితే ఆ బరువు ఇంకొకరి నెత్తికి మారుతుంది.

ఆ మధ్యాహ్నం ఒక ముసలావిడను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. వెంట కొడుకు, నూలు మిల్లులో ఫిట్టరు. చేతుల మీద నూనె మరకలు ఇంకా ఆరలేదు. ఆవిడకు నిన్నటి నుంచి విరేచనాలు, అయినా బీపీ మాత్ర మానలేదు. పొద్దున పొయ్యి దగ్గర నుంచి లేవబోయి కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరమ్మ ఏది అడిగినా కొడుకే జవాబు. తింటోందా అంటే ఎక్కడ తింటోందన్నాడు, నడుస్తుందా అంటే లేస్తే పడిపోదూ అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపే అతను అందుకుంటున్నాడు. మొత్తానికి కాగితం మీద ఆవిడ నడవలేని మనిషి అయిపోయింది.

సెలైన్ ఎక్కించారు. ఈసీజీ బాగుంది, రక్తపరీక్షలూ బాగున్నాయి. ముసలావిడ మొహంలోకి కళ తిరిగొచ్చింది. అయినా డాక్టరమ్మ కలం వార్డు వైపే మొగ్గింది. అది పసిగట్టి ఆవిడ గాభరాపడింది. ఇంట్లో తన అక్క పక్షవాతంతో మంచం పట్టి ఉంది. చెల్లెలు పెడితే తప్ప ముద్ద ముట్టదు. పొద్దున్నుంచీ పక్కింటావిడ బతిమాలుతున్నా నోరు తెరవలేదట.

"నేనిక్కడ పడుకుంటే అదక్కడ పస్తుంటుంది తల్లీ."

"నువ్వూరుకోమ్మా. నీకేదన్నా అయితే చుట్టాలంతా నన్ను దులిపేస్తారు," అన్నాడు కొడుకు.

ఎటూ తేలక డాక్టరమ్మ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నెమ్మదస్తుడు. అంతా విన్నాడు.

"వార్డులో ఆవిడకు ఏం చేద్దామని?"

"కనిపెట్టుకుని ఉంటారు కద సర్. నడవలేకపోతోంది."

"నువ్వు నడిపించి చూశావా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. వచ్చింది ఎవరైనా సరే, వీధి గుమ్మంలోనే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేయడం అక్కడి పద్ధతి. కుర్చీలో వచ్చిన మనిషికి కాళ్ళు కూడా పనిచేస్తాయేమోనని ఇక ఎవరికీ తోచదు.

వెనక్కొచ్చి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడ్డా పడిపోలేదు. కాస్త నడవమంది. కొడుకు చంక పట్టుకోబోతే ఆవిడ విదిలించుకుంది.

"పొద్దున ఆటో దాకా నడిచిందెవర్రా, మీ తాతా?"

చెప్పులు వెతుక్కుని వరండా చివరిదాకా వెళ్ళి, కిటికీ దగ్గర ఆగి బయటకు చూసి, తిరిగొచ్చింది. అడుగు తడబడలేదు. తల తిరుగుతోందా అని అడిగితే, తిరుగుతోంది, ఇంటివైపు అంది.

కొడుకును పక్కకు పిలిచి అడిగితే అప్పుడు బయటపడింది అసలు బెంగ. భార్య వాళ్ళ నాన్నకు ఆపరేషనని వెళ్ళింది. తను మిల్లుకు పోతే ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళే. మళ్ళీ పడితే లేపే దిక్కు లేదు. ఇది వార్డులో కుదిరే జబ్బు కాదని డాక్టరమ్మకు అర్థమైంది. వాళ్ళ వీధి వైపు తిరిగే ఆరోగ్య కేంద్రం నర్సుకు ఫోన్ చేస్తే సాయంత్రం వెళ్ళి చూస్తానంది. పగలు తొంగి చూడటానికి పక్కింటావిడ ఒప్పుకుంది. నర్సు చెప్పేదాకా బీపీ మాత్ర ఆపమని, ఏమైతే వెంటనే తీసుకురావాలో చెప్పి, అదంతా కొడుకు చేత తిరిగి చెప్పించింది. అతను బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. ఇంటికి పంపే కాగితం మాత్రం రెండుసార్లు చదువుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

మర్నాడు డ్యూటీకి వస్తూనే, సంచీ కూడా దించకుండా ఫోన్ చేసింది. కొడుకు ఎత్తి తల్లికిచ్చాడు. విరేచనాలు కట్టాయా, లేచి తిరుగుతున్నారా అని డాక్టరమ్మ వరసపెట్టి అడిగింది.

"అన్నీ బాగానే ఉన్నాయిలే తల్లీ. అక్కకు అన్నం పెడుతున్నా, ఇప్పుడే నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుందంటే నీదే పూచీ. తర్వాత చెయ్యి."

టక్కున పెట్టేసింది. డాక్టరమ్మ సంచీ దించి, బెంచీ మీద ఎదురుచూస్తున్న మొదటి మనిషిని పిలిచింది.