వాగు అవతలి బేరి చెట్లు

నన్ను నిలువునా ముంచినవాడు మా అక్క మొగుడు. ముక్కుతో గాలి ఎగబీలుస్తూ మాట్లాడతాడని అందరూ వాణ్ని బుస అంటారు. వెనకాల నేనూ అదే అంటాను. ఎదురుపడితే మాత్రం బావా అనక తప్పదు. రాళ్ళు కొట్టి అమ్మడం వాడి పని. కొండ కింద పుట్టి, ఒక్కనాడూ తలెత్తి కొండను చూసిన పాపాన పోలేదు. ఏ బండ కనబడినా అందులో ఎన్ని మెట్లు తెగుతాయా అనే వాడి ధ్యాస.

నేను ఐదో తరగతిలో బడి మానేసి కోతమిల్లులో చేరాను. రోజంతా చెవుల్లో రంపం రొదే. అందుకే తెల్లవారగానే వాగు ఒడ్డుకు పోయేవాణ్ని. అక్కడ మా నాన్న పెట్టిన బేరి చెట్ల మధ్య ఒక చదును బండ ఉండేది. చలికాలం వెనకబట్టే రోజుల్లో పైన మంచు కరిగి వాగు ఉరుకుతూ దిగేది. మా ఇంటి మీద ఇంకా నీడ ఉండగానే, శిఖరం పక్క సందులోంచి ఎండ జారి నేరుగా ఆ బండ మీద పడేది. నా భార్య రెండు గ్లాసుల్లో టీ తెచ్చేది. ఇద్దరం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఎవరు ముందు కాలు తీస్తారా అని పందెం కాసేవాళ్ళం. ప్రతిసారీ తనే గెలిచేది. బేరి పువ్వు రాలి టీలో పడితే తీసేవాళ్ళం కాదు. డబ్బున్నవాళ్ళకు ఏమేం ఉంటాయో నాకు తెలీదు. నాకు అది ఉండేది.

నాన్న పోయేముందు పొలాన్ని రెండు ముక్కలు చేశాడు. వాగుకు తూర్పున అక్కకు, పడమట నాకు. హద్దురాళ్ళు పాతనివ్వలేదు. అల్లుడు రాళ్ళు కొట్టేవాడైతే ఏ మామగారు మాత్రం పాతనిస్తాడు? వాగే హద్దు అన్నాడు. మా దగ్గర దానికో కట్టుబాటు ఉంది. వాగు తనంతట తాను దారి మార్చుకుంటే హద్దు కూడా దాంతోపాటే జరుగుతుంది, ఎవరూ నోరెత్తకూడదు. మనిషి చెయ్యి పెట్టి మళ్ళిస్తే మాత్రం చెల్లదు, పాత దారే హద్దు.

ఆ ఏడు బేరి చెట్లు పూత మీదున్నాయి. పొద్దున్నే నేను పోయేసరికి బుస సమ్మెట పట్టుకుని బండ మీద నిలబడి ఉన్నాడు. అప్పటికే ఒక మూల ఎగిరిపోయింది.

“దిగు బావా.”

“ఏం, నీ సింహాసనమా? నీళ్ళు రెండు పక్కలా పారుతున్నాయి చూడు. సగం మీ అక్కది.”

“పిల్లకాలువను పట్టుకుని వాగంటావా? కళ్ళు దొబ్బాయా నీకు?”

“రోజూ ఇక్కడ కూర్చుని కొండకేసి చూస్తావు కదా, అది దిగొచ్చి నీకు అన్నం పెడుతోందా? దీంట్లో నలభై మెట్లున్నాయిరా బావమరిదీ!”

సమ్మెట మళ్ళీ పైకి లేచింది. నేను వాడి కాళ్ళు పట్టి గుంజాను. వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. గుండెల మీద ఎక్కి కూర్చుని మొహాన్ని లోపలికి అదిమాను. బుసకు బదులు బుడగలు వచ్చాయి. అంతలో వాడి చేతికి రాయి దొరికింది. దాంతో నా దవడ మీద కొట్టాడు. రెండు పళ్ళు నాలుక మీదికి ఊడిపడ్డాయి. నెత్తురు ఉమ్మి మళ్ళీ మెడ పట్టుకున్నాను. నా భార్య గ్లాసులు పారేసి వచ్చి నా జుట్టు పట్టి వెనక్కి లాగింది.

అవతలి గట్టు మీద నుంచి అక్క అరుస్తోంది. “ఆపకే మరదలా, చావనీ! ఇద్దరూ పోతే నువ్వూ నేనూ ఆ బండెక్కి హాయిగా టీ తాగుదాం!”

బుస లేచి దగ్గాడు. పోతూ పోతూ పువ్వు విరగబూసిన చెట్టు మొదట్లో సమ్మెటతో ఒక్కటిచ్చాడు. బెరడు చీలి లోపలి తెల్లటి చెక్క బయటపడింది. పూలన్నీ ఒక్కసారిగా వాడి నెత్తిన రాలాయి. వాడు తల దులుపుకుని వెళ్ళిపోయాడు. పళ్ళ సంగతి మరిచిపోయేవాణ్నేమో, ఆ దులుపుకోవడం మాత్రం మరవలేకపోయాను.

వాలు మీద, వాగు మలుపుకు సరిగ్గా పైన, గేదెంత రాతిగుండు ఒకటి మట్టిలో సగం కూరుకుని ఉండేది. మంచు నీళ్ళకు దాని కింద మన్ను మెత్తబడింది. బుస రోజూ ఆ మలుపులోనే రాళ్ళు ఏరుతాడు. దవడ వాపు తగ్గాక ఒక పొద్దున మిల్లు నుంచి గునపం తెచ్చుకుని పైకెక్కాను. బెదిరించడానికి కాదు, చంపడానికే. ఆ పొద్దు ఎంత బాగుందో చెప్పలేను. కొత్త గడ్డి చివర నీటిబొట్లు, పొదల్లో పిట్టల గోల, ముఖానికి తగిలే లేత ఎండ. కాసేపు కూర్చుని అదంతా చూశాను. తర్వాత గునపం దూర్చి ఒళ్ళంతా బరువేసి నొక్కాను.

గుండు కదిలింది. దొర్లింది. ఎగిరింది. ఆ చప్పుడుకు బుస తలెత్తి కొండను చూశాడు. పక్కకు దూకాడు కానీ ఒక కాలు ఆలస్యమైంది. ఎముక నలిగిన చప్పుడు పైదాకా వినబడింది. దుంగలు చీలడం రోజూ వినేవాణ్నే, అయినా గునపం వదిలేసి చెవులు మూసుకున్నాను. గుండు ఆ కాలి మీదుగా పోయి వాగు మలుపులో, ఇరుకు దగ్గర, బిగిసి కూర్చుంది.

అక్క కేక విని కిందికి పరిగెత్తాను. ఇద్దరం వాణ్ని మోసుకుపోయాం. దారంతా వాడి నెత్తురు నా చొక్కా మీద కారింది. ఆసుపత్రిలో మోకాలి కిందికి కాలు తీసేశారు.

చీకటి పడే వేళకు ఇంటికొస్తే నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. “చూడు పో, వాగు ఎక్కడుందో.”

మలుపు దగ్గర దారి మూసుకుపోయి, నీళ్ళు ఎగదన్ని, గట్టు తెంచుకుని, మా గోడ వారగా కొత్త దారి చేసుకున్నాయి. బండ, చెట్లు అన్నీ అవతల పడ్డాయి.

మర్నాడు గొలుసులు తీసుకుని గుండు లాగడానికి పోయాను. అక్క కొడవలి పట్టుకుని దాని మీద కూర్చుని ఉంది.

“చెయ్యెయ్యకు. ఇది దానంతట అదే దొర్లింది. డాక్టరుకి అదే చెప్పాను.”

“అది కాదక్కా...”

“ఏది కాదు? తోసింది నువ్వేనని పదిమందిలో చెప్పు. హద్దు పాత దారికి పోతుంది, నువ్వు జైలుకి పోతావు. మిల్లు గుర్తున్న గునపం పైనే వదిలేశావురా తమ్ముడూ. నా మంచం కిందుంది.” ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. “ఆయన కాలు తిన్నావు. ఊరికే తింటావా?”

హద్దు తేల్చడానికి పెద్దమనుషులు వచ్చిన రోజు బుసను మంచం మీద మోసుకొచ్చారు. దుప్పటి ఒక పక్క చదునుగా ఉంది. వాడు నా కళ్ళలోకి చూసి, గాలి ఎగబీల్చి అడిగాడు. “నువ్వు రోజూ కొండను చూసేవాడివి కదా బావమరిదీ. ఆ గుండు ఎలా దొర్లిందో నువ్వే చెప్పు.”

అందరూ నావైపు తిరిగారు. నా భార్య తల దించుకుంది. ఊడిన పళ్ళ సందులోంచి మాట గాలి కలిసి వచ్చింది.

“మంచు కరిగి మన్ను మెత్తబడింది. దానంతట అదే దొర్లింది.”

కొలిచే మనిషి పాత దారికీ కొత్త దారికీ మధ్య గొలుసు లాగాడు. వేళ్ళ మీద లెక్క కట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు. బండ, పద్నాలుగు బేరి చెట్లు కలుపుకుని ముప్పై ఎనిమిది సెంట్లు.